ఊరకుక్కకు తాయిలం చదువు



పాలమూరులోనైనా నల్లగొండలోనైనా ఏ పల్లెకు పోయినా, ఏ వాడకట్టులో చూసినా అరుగు కింద ఒక కుక్క పడుకుని ఉంటుంది. దానికి గొలుసు ఉండదు, మెడకు పట్టీ ఉండదు. ఒక ఇంట్లో రాత్రి మిగిలిన అన్నం, ఇంకో ఇంట్లో ఎండిన జొన్నరొట్టె తిని తెల్లవార్లూ అందరి ఇళ్లూ కాస్తుంది. చేనుకు పోతే వెంట వస్తుంది. అడవిపందులు పడితే మొరిగి లేపుతుంది. ముంబైకో పుణెకో పనికి పోయినవాళ్లు పండుగకు ఊరు చేరితే ముందుగా గుర్తుపట్టి తోక ఊపేది అదే. ఇంత చేసే జీవంతో మనం మాట్లాడే మాటలు మాత్రం రెండే. ఎవరి మీదికైనా పంపాలంటే "ఉస్కో", దగ్గరికి వస్తే "ఛీ, పో". ఈ పూట దానికి మూడో మాట నేర్పే పద్ధతి చెబుతాను. ఆ మాట "చెయ్యియ్యి". మనం అరచెయ్యి చాపితే కుక్క ముందుకాలు ఎత్తి అందులో పెట్టాలి. చూడటానికి సరదాగా ఉంటుంది, పిల్లలు కేరింతలు కొడతారు. దీనితో ఒక పెద్ద ప్రయోజనం కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పశువైద్యశాలలో పనిచేసిన కాలంలో నేను తరచుగా విన్న మాట ఒకటుంది. "సార్, ఇది ఊరకుక్క. దీనికేమొస్తది? సీమకుక్కలైతే చెప్పినట్టు ఇంటయి." ఈ మాటను నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి జాతులు మనిషి చెప్పినట్టు వినడానికి తరతరాలుగా ఎంపిక చేసి పెంచినవి. అది నిజమే. మన ఊరకుక్క మాత్రం ఎవరూ ఎంపిక చేయకపోయినా మనుషుల మధ్యే పుట్టి, మనుషులను చదివి బతుకుతున్నది. ఏ ఇంటామె అన్నం వేస్తుంది, ఏ పిల్లవాడు రాయి విసురుతాడు, కల్లు తాగి వచ్చేవాడి నడక ఎట్లా ఉంటుంది, అన్నీ దానికి తెలుసు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. కోల్‌కతా దగ్గరి ఐసర్ సంస్థలో అనిందిత భద్ర అనే శాస్త్రవేత్త, ఆమె బృందం మన దేశపు వీధికుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్నారు. 2020లో వాళ్లు ప్రకటించిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాని వైపు వేలు చూపించారు. భయంతో సగం కుక్కలు అసలు దగ్గరికే రాలేదు. వచ్చిన వాటిలో మాత్రం నూటికి ఎనభై వరకు వేలు చూపిన గిన్నె వైపే పోయాయి. ఎవరూ వాటికి వేలు చూపితే అర్థమేమిటో నేర్పలేదు. అంటే తెలివికి కొదవ లేదు, అడ్డం పడుతున్నది భయం. మనం ముందు తీయవలసింది ఆ భయాన్నే.

ఊరకుక్క పని నేర్చుకోగలదనడానికి మన ప్రాంతంలో పాత సాక్ష్యం ఉంది. అమ్రాబాద్ గుట్టల మీద అప్పాపూర్, రాంపూర్ లాంటి చెంచు గిరిజనుల పెంటల్లో, అంటే గూడేల్లో, కుక్క ఇంటి మనిషిలా తిరుగుతుంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ నిజాం కాలంలో ఈ చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించారు. అప్పటికే కుక్క వాళ్లకు వేటలో తోడు. ఇప్పుడు ఆ అడవి పులుల అభయారణ్యం, వేట చట్టప్రకారం నేరం. కానీ ఆ చెలిమి వెనుక ఉన్న సూత్రం గమనించండి. వేటలో కుక్కకు కూలి అక్కడికక్కడే దొరుకుతుంది. పని చేసిన చోటనే, చేసిన వెంటనే నోటికి ముక్క అందుతుంది. అడవిలో ఎవరూ దానికి పాఠం చెప్పలేదు. కూలి సమయానికి అందింది కాబట్టి పని వచ్చింది. సూర్యాపేట పక్కన పెద్దగట్టు లింగమంతుల జాతరకు వచ్చే గొల్లలను అడగండి, మంద కాసే కుక్క సంగతి మీకు నాకంటే బాగా చెబుతారు.

శాస్త్రం ఈ సూత్రాన్ని పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో థార్న్‌డైక్ అనే ఆయన 1898లో పిల్లులను, కుక్కలను పెట్టెల్లో పెట్టి, ఏ పని చేస్తే తలుపు తెరుచుకుని తిండి దొరుకుతుందో ఆ పనినే అవి మళ్లీ మళ్లీ చేస్తాయని చూపించారు. రష్యాలో పావ్‌లోవ్ కుక్కల జీర్ణక్రియను పరిశీలిస్తూ, తిండికి ముందు రోజూ వినిపించే చప్పుడుకే వాటి నోట్లో నీరూరడం గమనించారు. ఆ తర్వాత స్కిన్నర్ 1951లో ఒక పత్రికలో, ఇంట్లో ఉండేవాళ్లు జంతువులకు ఆటలు ఎట్లా నేర్పవచ్చో వ్యాసం రాశారు. నొక్కితే టిక్కుమనే రేకు బొమ్మ ఒకటి కొనుక్కొమ్మని అందులో సలహా ఇచ్చారు. మన కురుమూర్తి జాతరలో, చెరువుగట్టు జాతరలో పిల్లలకు అమ్మే రేకు కప్పలు చూశారు కదా, అట్లాంటిదే. ఆ టిక్కు వినిపిస్తే తిండి వస్తుందని కుక్కకు ముందు అలవాటు చేయాలి. తర్వాత అది మనకు కావలసిన పని చేసిన క్షణంలోనే టిక్కుమనిపించాలి. ముక్క తీసి ఇచ్చేసరికి రెండు మూడు క్షణాలు ఆలస్యమైనా ఫరవాలేదు, చప్పుడు ఆ క్షణాన్ని పట్టేస్తుంది.

శిక్షణ అంతా ఈ క్షణం మీదనే ఆధారపడి ఉంది. కుక్క కాలెత్తింది, మీరు జేబులో చెయ్యి పెట్టి వెతుకుతున్నారు, ఇంతలో అది కాలు దించి మొరిగింది, అప్పుడు ముక్క ఇచ్చారు. మీరు నేర్పింది మొరగడం. అందుకే గుర్తు మాట కావాలి. రేకు కప్ప లేకపోతే నోటితో "భేష్" అనండి. పొట్టి మాట, మామూలు మాటల్లో ఎక్కువగా దొర్లదు కాబట్టి బాగా పనికొస్తుంది. మొదటి పూట వేరే పనేమీ పెట్టుకోవద్దు. భేష్ అనండి, ముక్క ఇవ్వండి. మళ్లీ భేష్, మళ్లీ ముక్క. మాట వినగానే కుక్క చెవులు నిక్కించి మీ చేతి వైపు చూసిందంటే అక్షరాభ్యాసం అయినట్టే.

ఇంట్లో పెంచిన కుక్కైతే ఇక్కడి నుంచి నేరుగా ముందుకు పోవచ్చు. వాడకట్టు కుక్కకు ఇంకో మెట్టు ముందుంది. దాని ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తే అది బెదిరిస్తున్నారనుకుంటుంది. పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి. ముక్కను కాస్త దూరంలో వేయండి. తిని పోనివ్వండి. రోజూ అదే సమయానికి, అదే చోట కూర్చుంటే దూరం తనంతట తానే తగ్గుతుంది. దగ్గరికి వచ్చి చేతి నుంచి తీసుకునే రోజు వరకు ముట్టుకోవద్దు. ఆ తర్వాత మెడ కింద, ఛాతీ మీద మెల్లగా నిమరండి. నెత్తి మీద చెయ్యి వేయవద్దు, పైనుంచి వచ్చే చేతిని దెబ్బ అనుకుంటుంది. కోల్‌కతా బృందమే 2017లో మరో సంగతి బయటపెట్టింది. కొత్త మనుషులు వీధికుక్కలకు కొన్నిటికి తిండి పెట్టారు, కొన్నిటిని నిమిరారు. రోజులు గడిచాక చూస్తే నిమిరిన కుక్కల్లోనే మనిషి మీద నమ్మకం ఎక్కువగా నిలిచింది. కాబట్టి ముక్కతో పాటు నిమరడం కూడా మరిచిపోవద్దు.

ఇక అసలు పాఠం. ముందు కూర్చోబెట్టాలి. ముక్కను కుక్క ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా దాని నెత్తి మీదుగా వెనక్కి తీసుకుపోండి. చూపు ముక్క వెంట పైకి పోతుంది, నడుము కిందికి దిగుతుంది. పిర్రలు నేలకు తాకగానే భేష్. ఇది వచ్చాక, ముక్కను పిడికిట్లో మూసి, కుక్క ఛాతీ ఎత్తులో పట్టుకోండి. అది వాసన చూస్తుంది, నాకుతుంది, మూతితో పొడుస్తుంది. మీరు కదలకుండా ఊరుకోండి. మూతితో పని కావడం లేదని తెలిసి, చివరికి ముందుకాలితో గీరుతుంది. ఆ పంజా మీ పిడికిలికి తాకిన క్షణమే భేష్ అని, రెండో చేతిలోని ముక్క ఇవ్వండి. కొన్ని కుక్కలు ఎంతసేపైనా కాలెత్తవు. అప్పుడు పిడికిలిని కొంచెం పక్కకు, దాని భుజం వైపు జరపండి. ఒళ్లు ఒక పక్కకు ఒరిగి రెండో పక్క కాలు తేలికవుతుంది. ఆ కాలు నేల నుంచి అంగుళం లేచినా భేష్. తర్వాత రెండంగుళాలకు భేష్. తర్వాత చేతికి తాకితేనే భేష్. మన పెద్దలు కోడెను ఒకేసారి నిండుబండికి కట్టరు. ముందు ఉత్త కాడి, తర్వాత ఖాళీ బండి, ఆ తర్వాతే బరువు. ఇదీ అంతే.

పిడికిలికి కాలు ఇవ్వడం వచ్చాక పిడికిలి విప్పి ఖాళీ అరచెయ్యి చూపండి. ముక్క ఎప్పుడూ రెండో చేతి నుంచే రావాలి. చివరగా మాట. చాలామంది మొదటి నుంచే "చెయ్యియ్యి, చెయ్యియ్యి" అని అరుస్తుంటారు. ఏమి చేయాలో తెలియని కుక్కకు అది ఉత్త గోల. పని వచ్చాకే దానికి పేరు పెట్టాలి. అరచెయ్యి చాపడానికి ఒక్క క్షణం ముందు "చెయ్యియ్యి" అని ఒక్కసారే, మామూలు గొంతుతో అనండి. కొన్ని పూటలకు చెయ్యి చాపకముందే మాటకే కాలు లేస్తుంది. అప్పటి నుంచి ప్రతిసారీ ముక్క ఇవ్వవలసిన పని లేదు. రెండుసార్లకొకటి, నాలుగుసార్లకొకటి, ఒక్కోసారి వరుసగా రెండు. ఎప్పుడొస్తుందో తెలియని తాయిలం కోసం కుక్క ఇంకా హుషారుగా చేస్తుంది. నిమరడం, భేష్ అనడం మాత్రం మానవద్దు.

ఒక పని చేయవద్దని గట్టిగా చెబుతాను. కుక్క కాలు పట్టుకుని బలవంతంగా ఎత్తి, "ఇదిగో, ఇట్ల ఇయ్యాలె" అని ఊపకండి. అట్లా చేస్తే కాలు లాగుతుంటే ఓర్చుకోవడం నేర్చుకుంటుంది, తనంతట తాను ఇవ్వడం నేర్చుకోదు. కర్ర సంగతి చెప్పనే అక్కర్లేదు. కొడితే కుక్కకు తెలిసేది ఒక్కటే, ఈ మనిషి దగ్గర దెబ్బలు పడతాయని. జంతువును కొట్టి హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు మించవద్దు. కడుపు నిండా తిన్నాక మొదలుపెట్టవద్దు, సాయంత్రం అన్నానికి ముందు మంచి సమయం. మన నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద మీ అరచెయ్యి ఆన్చి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. పొద్దున చల్లటి పూట లేదా పొద్దు గుంకాక, పక్కన నీళ్లు పెట్టుకుని నేర్పండి. ఇంట్లో ఒకరు "చెయ్యియ్యి", ఇంకొకరు "షేక్ హ్యాండ్", మరొకరు "దండం పెట్టు" అంటే కుక్క అయోమయంలో పడుతుంది. ఇల్లంతా ఒకే మాట అనుకోండి.

తాయిలాల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పట్నం దుకాణాల్లో అమ్మే పొట్లాలు అవసరం లేదు. ఉడికించిన కోడిగుడ్డు, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి కార్జం చాలా మంచివి. ముక్క శనగగింజంత ఉంటే చాలు. పెద్దదైతే నములుతూ పాఠం మరిచిపోతుంది, కడుపూ త్వరగా నిండుతుంది. మన గద్వాల, వనపర్తి వైపు పల్లీలకు కొదవ లేదు. ఉప్పు లేకుండా వేయించి, పొట్టు తీసి, బద్దలు చేసి కొద్దిగా ఇవ్వవచ్చు. ఇక అన్ని ఇళ్లల్లో ఉండేది జొన్నరొట్టె. వీధికుక్కలు మాంసం వాసన వచ్చిన దాన్నే ముందు ఎంచుకుంటాయని, లోపల ఉన్నది ఉత్త రొట్టె అయినా సరే వాసనకే పోతాయని ఆ కోల్‌కతా బృందమే పరీక్షించి చూసింది. కాబట్టి రొట్టెను చిన్న ముక్కలు చేసి, కార్జం ఉడికించిన నీళ్లలో ముంచి, ఆరబెట్టి డబ్బాలో వేసుకోండి. ఖర్చు లేదు, కుక్కకు విందు. ఇచ్చిన తాయిలాలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకుండా చూసుకోండి.

ఇవ్వకూడనివి గుర్తుపెట్టుకోండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి కూరలోని ముక్క తీసి పెట్టవద్దు. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ గుండెను, నరాలను పట్టుకుంటుంది. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో కలిపే జైలిటాల్ ప్రాణాంతకం. ఉడికిన కోడి ఎముకలు సూదుల్లా విరిగి పేగులకు గుచ్చుకుంటాయి. పిల్లలు తమ చేతిలోని చాక్లెట్‌నే ప్రేమగా పంచుతారు, ఆ ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి.

తాయిలమంటే తిండే కానక్కర్లేదు. హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసుల జాగిలాల శిక్షణ కేంద్రం ఉంది. బాంబులు, మత్తుమందులు వాసన పట్టే కుక్కలు అక్కడ దాదాపు ఎనిమిది నెలలు చదువుకుంటాయి. కుక్కతో పాటు దాన్ని చూసుకునే జవాను కూడా అక్కడే ఉండి నేర్చుకుంటాడు. మద్య నిషేధం పెట్టిన బీహార్, దాచిన సారాను పసిగట్టే జాగిలాలను కూడా ఇక్కడే తయారు చేయించుకున్నది. వాసన పట్టే జాగిలాల శిక్షణలో చాలాసార్లు కూలి ఒక బంతి. వస్తువును కనిపెడితే బంతి ఆట. ఆ ఆట కోసం అది మూటలన్నీ వెతుకుతుంది. మీ కుక్కకు బంతి మీద ప్రాణమైతే ముక్క బదులు బంతి ఇవ్వండి. ఏది ఇస్తే దాని తోక ఆగకుండా ఊగుతుందో అదే దాని తాయిలం.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ప్రయోజనం దగ్గరికి వస్తాను. తుమ్మముల్లు గుచ్చుకుని కుంటే కుక్కలను ఎన్నిటినో చూశాను. పట్టుకోబోతే కరుస్తాయి, వదిలేస్తే కాలు చీము పడుతుంది. తనంతట తాను కాలు చేతిలో పెట్టే కుక్కకు ముల్లు తీయడం ఒక్క నిమిషం పని. గాయానికి మందు రాయవచ్చు, గోరు కత్తిరించవచ్చు, సూది వేయించవచ్చు. వల వేసి, మూతి కట్టి, నలుగురు మీద పడవలసిన పనిలేదు. మనం సరదాకు నేర్పిన ఆట దాని వైద్యానికి దారి అవుతుంది.

కుక్కకాటు మన ఊళ్లలో నిజమైన బాధ. చిన్నపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న కబుర్లు విన్నాం. దానికి మనం వెతుక్కున్న దారులు కూడా చూశాం. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో రాత్రిపూట 20 కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. అట్లా చంపితే కాటు తగ్గదు, ఖాళీ అయిన వీధిలోకి టీకా పడని కొత్త కుక్కలు వస్తాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు, మనుషులకు అలవాటైన కుక్కలు, ఈ మూడూ ఉన్న ఊళ్లోనే పిల్లలు నిశ్చింతగా తిరుగుతారు. పిల్లలకు ఈ ఆట నేర్పేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ముక్కను వేళ్ల కొసలతో కాకుండా అరచేతిలో పరిచి ఇవ్వమనండి. తింటున్న కుక్క దగ్గరికి, పిల్లలు పెట్టిన తల్లికుక్క దగ్గరికి, గొలుసుతో కట్టేసిన కొత్త కుక్క దగ్గరికి పోనివ్వవద్దు. పొరపాటున పన్ను గీసుకున్నా సరే, ధారగా పోసే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. పసుపు, కారం, ఆకుపసర్లు పెట్టి కూర్చోవద్దు. రేబిస్ వ్యాధి బయటపడ్డాక మందు లేదు.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు ఇంకొకటి, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. 1885లో జులై 6న పాశ్చర్ ఒక పిల్లవాడికి తొలిసారి రేబిస్ టీకా వేయించి బతికించారు. ఆ రోజు గుర్తుగా మన రాష్ట్రంలో చాలా పశువైద్యశాలల్లో ఏటా జులై 6న కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఈ లోపల మీ వాడకట్టు కుక్కకు చెయ్యివ్వడం నేర్పండి. ఆ రోజు దాన్ని మీరే నడిపించుకుని పశువైద్యశాలకు తీసుకుపోయి టీకా వేయించండి.